మా మైక్ సెట్టు మీద ఇంగ్లండు పిల్ల

మా నాయినది మైక్ సెట్టు దుకాణం. సరూర్‌నగర్ చెరువుకు ఇవతల ఒక కిరాయి ఇల్లు, ముందటి అర్రల దుకాణం, వెనుక అర్రలల్ల మేము. పెండ్లిళ్లు, బోనాలు, వినాయక మండపాలు, స్కూలు వార్షికోత్సవాలు, అన్నిటికీ మా హారన్లే పోతుండె. ఆయన యాంప్లిఫైయర్ మీద ఒక నాబ్ ఉండేది. గొంతుకు బరువు కలిపేది, బరువు కోసేది అదే. దాని చుట్టు గోళ్లరంగుతోటి రెండు చుక్కలు పెట్టుకున్నడు. ఆడోళ్ల సన్న గొంతుకు జర బరువు కలిపే కాడ తెల్ల చుక్క. మొగోళ్ల గొంతుల గుయ్యిమనేదాన్ని కోసే కాడ ఎర్ర చుక్క. స్టేజి మీద ఎవరన్న కుర్చీల నుంచి లేస్తున్నరంటే, వాళ్లు నోరు తెరువకముందే నాయిన చెయ్యి నాబ్ మీదికి పోయేది. మొగాయన లేస్తే ఎర్రది, ఆడామె లేస్తే తెల్లది. తిప్పి, మళ్ల చాయ గ్లాసు అందుకునేటోడు. నల్గొండ జిల్లాల మా ఊరిడిసి పట్నం వచ్చిన కాడ్నుంచి ఆయనకు ఆ రెండు చుక్కలతోటే పని నడిచింది.

నేను ఆ రెండిట్ల దేంట్లకూ రాను. నాది బరువు గొంతు. బొంగురు గొంతు అంటరు కొందరు, అట్లంటే నాకు మంట. బొంగురంటే గీసుకపోయిన గొంతు. నాది గీసుకపోలేదు, కిందికి ఉంటది, అంతే. ఫోనెత్తితే "తమ్మీ, మీ నాయిన ఉన్నడా" అంటరు. స్కూల్ల ప్రార్థన కాడ మా టీచరు పక్కకొచ్చి, ప్రేమగనే చెప్పింది: "నువ్వు పెదాలు ఆడియ్యి బిడ్డా, సరిపోతది." నేను పదో తరగతి దాంక పెదాలే ఆడిచ్చిన.

ఒక్కసారి మాత్రం మైకు ముందట నిలబడ్డ. స్కూలు వార్షికోత్సవంల వందన సమర్పణ చెప్పమన్నరు. సెట్టు మాదే. నేను లేచి రాంగనే నాయిన అలవాటుగ తెల్ల చుక్కకు తిప్పిండు. నేను "గౌరవనీయులైన" అన్న. హారన్లు బూమ్మని మోగి కొట్టుకున్నయి. ముందు వరుసల పిల్లలు పడి పడి నవ్విండ్రు. నాయిన మైకు బంద్ చేసిండు. ఇంటికొచ్చినంక తిట్టలేదు, వైర్లు చుట్టుకుంట ఒక్క మాట చెప్పిండు: "నీ గొంతు మైకుకు పడది బిడ్డా. హారన్లు తట్టుకోవు." ఆయన పనిమంతుడు చెప్పినట్టు చెప్పిండు. తిట్టుంటే నయముండె, కొన్ని దినాలకు మర్సిపోయేదాన్ని.

నాకు పెద్ద పెద్ద కోరికలు ఏం లేవు. రేడియోల పాడాలె, సిన్మాల పాడాలె అని ఎన్నడూ అనుకోలే. మా నాయిన తన చేతులతోటి ఒక్కసారి నాకు మైకు ఇయ్యాలె. గంతే.

తెలంగాణ కోసం ఊర్లకూర్లు, కాలేజీలకు కాలేజీలు రోడ్డెక్కిన దినాలు వచ్చినయి. నేను గప్పుడు డిగ్రీ చదువుకుంట, సాయంత్రాలు దిల్‌సుఖ్‌నగర్ల బ్యాంకు పరీక్షల కోచింగుకు పోతుంటి. ఎక్కడ చూసినా సభలు, ధూంధాంలు. మా సెట్టుకు పురుసత్ లేకుండె. నేను నాయిన ఎంబడి పోయి వైర్లు పరిచేది, చుట్టేది. స్టేజి మీద డప్పు కొట్టుకుంట, గజ్జెలు కట్టుకొని పాడే అక్కలను చూస్తుంటే నా కాళ్లు ఆగకపోయేటియి. వాళ్ల పాటలన్ని నాకు నోటికొచ్చు. నోటి లోపటనే పాడుకునేదాన్ని. నోరు మూసుకొని పాడుడు నాకు అలవాటే గదా.

గా దినాలల్లనే వెనుకింటి ఆంటీ ఒక డబ్బా పట్టుకొని వచ్చింది.

ఆంటీ వాళ్లు కాకినాడ దిక్కోళ్లు. అంకుల్ కోచింగ్ సెంటర్ల లెక్కలు చెప్తడు. ఆంటీ పెరుగు తోడుకో, కరివేపాకుకో గోడ పక్క సందుల నుంచి మా ఇంటికొచ్చేది. దసరాకు ముందు మేము ఇల్లు దులుపుతుంటే సజ్జ మీద నుంచి దించిన పాత రికార్డు ప్లేయరు ఆమె కంట్ల పడ్డది. పెండ్లిళ్లకు రికార్డులేసే కాలంలది అది. నాయినకు దాని మీద ప్రేమ ఎక్కువ, అమ్మడు, వాడడు.

"ఇది పనిచేస్తుందామ్మా?" అని అడిగింది ఆంటీ.

"చేస్తది ఆంటీ. మా తాన హరికథల రికార్డులున్నయి, ఏయాల్నా?"

"వద్దు. నా దగ్గర కొన్ని ఉన్నాయి. ఎప్పుడూ వినలేదు."

తెల్లారి తెచ్చింది. బిస్కెట్ల డబ్బాల పాత చీర ముక్క పరిచి పెట్టింది. టిఫిన్ పళ్లెమంత రికార్డులు, పదికి తక్కువనే. మా హరికథల రికార్డులు వాటి పక్కన పెడితే అత్తాకోడండ్ల లెక్కున్నయి. ఇగ ఆ అట్టలు చూడాలె. పేపర్ల నుంచి అక్షరాలు కత్తిరిచ్చి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, వంకరటింకర అంటిచ్చిండ్రు. జిరాక్సు మీద జిరాక్సు తీసినట్టు ఫోటోలు, ముఖంల కండ్లు తప్ప ఏం కనవడవు. మా గల్లీల గోడల మీద అంటిచ్చే సభల పోస్టర్లు గూడ గింతకన్న నీటుగ ఉంటయి. కావాల్నని గట్ల చేసిండ్రా, చాతగాక చేసిండ్రా అని నాకు అప్పుడే పురుగు తొలిచింది.

"మా అన్నయ్య ఓడలో ఇంజిన్ రూములో పనిచేసేవాడు" అని చెప్పింది ఆంటీ. "ఇంగ్లండులో ఏదో రేవులో సరుకు దిగక ఓడ చాలా రోజులు ఆగిపోయిందట. ఏం తోచక ఊళ్లో తిరుగుతూ ఇవి కొన్నాడు. మా ఇంట్లో రికార్డ్ ప్లేయరే లేదు. ఎందుకన్నయ్యా ఇవి అంటే, బొమ్మలు బాగున్నాయే అన్నాడు."

ఆ అన్నయ్య ఇప్పుడు లేడు. అందుకే అట్టలను గూడ ఆమె పసిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకుంటుండె. అండ్ల ఒకటి తీసి నాకిచ్చింది. అట్ట మీద ఒక పొట్టి జుట్టు పిల్ల, మైకును రెండు చేతులతోటి గట్టిగ పట్టుకొని, కండ్లు మూసుకొని, నోరు బార్లా తెరిచి.

"ఇది నాకోసం తెచ్చాడు. పాడింది నీ ఈడు పిల్లేనట, బడి ఎగ్గొట్టి పాడుతోందట అని చెప్పాడు. అప్పుడు నాకు పదహారు."

నేను ప్లేయరు తిప్పి సూది పెట్టిన. ముందుగాల ఎవరో దగ్గిండ్రు. తర్వాత ఎవరో బరువుగ, నిమ్మళంగ, ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని ఇంగ్లీషుల లెక్కవెట్టిండ్రు. గిటార్లు ఒక్కసారే మీద వడ్డయి, బండరాళ్ల లారీ గేటెత్తినట్టు. డ్రమ్ము ఒక్కొక్క దెబ్బ ఎడం ఎడంగ, లోతుగ. అటెంక ఆమె పాడింది. కింద నుంచి, ఛాతిల నుంచి, బరువుగ.

ఆంటీ ముఖం అదోలా పెట్టింది. "ఆడపిల్లన్నాడే అన్నయ్య. ఇదేంటమ్మా, మగాడి గొంతులా ఉంది?"

నాకు కోపమొచ్చింది. "ఆడోళ్లకు గీ గొంతు ఉండొద్దా ఆంటీ? నాకు లేదా?"

ఆంటీ నన్ను చూసింది, అట్ట మీది ఫోటోను చూసింది. "అవును కదూ" అన్నది మెల్లగ.

ఆ పాట అయిపోంగనే సూది మళ్ల మొదటికి పెట్టిన. లోకంల ఇంకొకతి ఉన్నది. నా అసొంటి గొంతున్న పిల్ల ఒకతి ఎక్కన్నో ఇంగ్లండుల మైకు పట్టుకున్నది, ఎవరూ బంద్ చెయ్యలేదు, పైంగ రికార్డేసిండ్రు. గంత సంబురం నాకు అంతకుముందు ఎప్పుడైందో యాదికి లేదు.

ఇగ నాయిన సెట్టు పట్టుకొని బయటికి పోవుడే ఆలస్యం, నేను ప్లేయరు తీసేది. ఆంటీ వీలైతే వచ్చేది. ఆమె ఉల్లిగడ్డలు కోసుకుంట ఇనేది, నేను చెవి స్పీకరుకు ఆనిచ్చి ఇనేది. మాట ఒక్కటి సమజయ్యేది గాదు. గా యాస గట్లుండె. కని మాటలు సమజ్ కాకుంటెనే మిగతయన్ని మంచిగ ఇనొస్తయని నాకు తెలిసొచ్చింది. సిన్మా పాటల ముందు వయొలిన్లు వస్తయి, ఫ్లూటు వస్తది, పాట పాడెటామె పెండ్లిపిల్ల లెక్క ఆఖర్కొస్తది. వీళ్లకు గా ముచ్చటే లేదు. లెక్కవెడ్తరు, దూకుతరు. అయిపోయేటప్పుడు గూడ మెల్లగ తగ్గుకుంట పోవుడు లేదు. తలుపేసినట్టు ఆపుతరు.

ఒక రికార్డుల మొదలు కాంగనే లావు తీగెల గిటారాయన అందరికన్న ముందుగాల వచ్చేస్తడు. వచ్చి, తప్పయిందని తెలిసి ఆగుతడు, మళ్ల అందరితోటి కలుస్తడు. మా నాయిన సెట్టు మీదైతే ఆ తప్పుకు మళ్ల మొదటి నుంచి పాడమంటరు. వీళ్లెందుకు ఉంచిండ్రు? మళ్ల పాడెటందుకు టైం లేకనా, పైసలు లేకనా, లేకపోతే ఇనుకొని నవ్వుకొని, ఉండనీ తీ అనుకున్నరా? నేను ఆ రెండు సెకన్ల కోసమే ఆ పాటను మళ్ల మళ్ల ఏసేది. ఇంకొకదాని మీద, రికార్డు నడిమిట్ల పాట అయిపోయినంక నున్నగ ఉండే కాడ, ఎవరో సూదితోటి గీకి చేతిరాతల ఏదో రాసిండ్రు. ఎండకు పట్టి చూస్తేనే కనవడ్తది. అది ఒకరికొకరు చేసుకున్న ఎగతాళి అని తర్వాత తెలిసింది. రికార్డు ఫ్యాక్టరీల కూసోని దోస్తుగానికి జోకు రాసిండ్రంటే వీళ్లెంత నిమ్మళం మనుషులో అనిపిచ్చింది.

దిల్‌సుఖ్‌నగర్ల కోచింగ్ సెంటర్ల నడుమ ఒక నెట్ సెంటరు ఉండె. పిల్లలు హాల్ టికెట్లు తీసుకునెటందుకు లైను కట్టేటోళ్లు. నేను గూడ కట్టి, నా వంతు రాంగనే ఈ పాటల సంగతి వెతికేది. మా రికార్డుల పాటలు దొరకలేదు, గా గుంపులు గంత పేరున్నయి గావు. కని గా కాలం ముచ్చట మస్తు దొరికింది. గిటారు కొని నెల దాటకముందే స్టేజెక్కినోళ్లున్నరట. పెద్ద కంపెనీలు రానియ్యకపోతే ఇంట్లనే కంపెనీ పెట్టుకొని, వంటింట్ల బల్ల మీద కూసోని దోస్తులంత కలిసి అట్టలు మడతపెట్టిండ్రట. ఒక ఎండాకాలం పాడి, తెల్లారి ఎవరి పనికి వాళ్లు పోయినోళ్లే ఎక్కువట. అట్టలు గట్లెందుకున్నయో గప్పుడు సమజైంది.

ఒక్కటే ముచ్చట నా తలకెక్కలే. ప్రతివోడు స్పీడు, స్పీడు అని రాసిండు. ఊపిరి తిప్పుకోనియ్యని స్పీడట. నేను ఇంటికొచ్చి మళ్ల ఇన్న. నిమ్మళంగ, బరువుగ, బోనం ఎత్తుకొని నడిచినట్టు నడుస్తున్నది పాట. చలి దేశం గదా, వాళ్లకు గిదే స్పీడేమో అనుకొని ఊకున్న. రెండు మూడు రికార్డుల మీద 45 అని అచ్చు గూడ ఉండె. రికార్డు నంబరనుకున్న.

గిట్ల దగ్గరదగ్గర ఏడాది నడిచింది. ఆ పొట్టి జుట్టు పిల్ల పాట నాకు సొంతమైంది. మాటలు మా ధూంధాం పాటలయి, శ్రుతి ఆమెది. ఆమె ఎక్కడ ఆగితే నేను అక్కడ ఆగేది, ఆమె ఎంత కిందికి దిగితే నేను అంతే దిగేది. తలుపులేసుకొని, నోరు తెరిచి పాడిన. ఆంటీ ఉల్లిగడ్డలు పక్కకు పెట్టి ఇనేది.

తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు బంద్, బడులు బంద్, ఆఫీసులు బంద్. పెండ్లిళ్లు గూడ కొందరు తర్వాతకు జరుపుకున్నరు. కాకినాడ దిక్కు నుంచి వచ్చినోళ్ల మీద సందులల్ల మాట మారింది. అంకుల్ తొందరగ ఇంటికొచ్చి గేటు తాళమేస్తుండె, ఆంటీ గోడ పక్క సందుల నుంచి డబ్బాను కొంగు కింద పెట్టుకొని వచ్చేది. మా ఇంట్ల ఆమెను ఎవరేం అనలే. కని ఆమె చెప్పులు బయట ఇడువకుండ లోపటికి తెచ్చుకునుడు నేను చూసిన, నాకు పాణం సొంపులేకుండ అయింది.

గా దినాలల్లనే ఎల్బీ నగర్ చౌరస్తా కాడ వంటావార్పు పెడుతున్నరని తెలిసింది. రోడ్డు మీదనే రాళ్ల పొయ్యిలు పెట్టి వండుడు, అక్కడనే పంక్తుల కూసోని తినుడు, పొద్దందాక పాటలు. సెట్టు మాదే. ఇగ ఇప్పుడు అడగకపోతే ఎప్పుడడుగుత అనుకున్న. ఉత్తగ అడిగితే హారన్లు తట్టుకోవంటడు. నా తాన ఇప్పుడు రుజువున్నది గదా. ఇంగ్లండుల ఒకామెకు గిదే గొంతు, చూడు, రికార్డే ఏసిండ్రు అని చెప్తే ఆయన ఏమంటడు?

నాయిన పగటీలి బువ్వ తిని చాప మీద ఒరిగినప్పుడు ప్లేయరు తెచ్చి ముందట పెట్టిన. ఆంటీ గూడ ఉన్నది, నేనే రమ్మన్న.

"నాయినా, జర గిది ఇను" అన్న.

దగ్గు ఇనొచ్చింది. లెక్కవెట్టుడు ఇనొచ్చింది. ఆమె పాట మొదలువెట్టింది. నేను నాయిన ముఖమే చూస్తున్న. ఆయన తల ఒక పక్కకు వంచిండు. సెట్టుల తేడా ఉంటె గట్ల వంచుతడు.

"ఆగు" అన్నడు. "గిది గుంజుతున్నది."

"గుంజుడేంది?"

"చిన్న రికార్డు గదనే గిది. పెద్దదాని నడక మీద తిప్పుతున్నవు. నిమిషానికి 45 చుట్లు తిరగాలె ఇది, మెల్లగ తిప్పితే గొంతు బరువైతది." లేచి కూసున్నడు. ప్లేయరు పక్కకున్న చిన్న పుల్లను వేలితోటి తడిమిండు. అది కదలలే. గప్పుడు ఆయనకు యాదికొచ్చి నవ్విండు. "అప్పట్ల పెండ్లిళ్లల్ల తాగినోళ్లు ఊకె దీన్ని అటిటు తోస్తుండ్రి. పాట నడుమల పెండ్లికొడుకు పక్కోళ్లంత నవ్వుడు. యాష్టకొచ్చి నేనే లప్పం పెట్టి బిగిచ్చిన. గప్పటికి మన తాన చిన్న రికార్డులు లేకుండె."

స్క్రూడ్రైవరు తెచ్చి లప్పం గీకిండు. ఎండిన లప్పం పెచ్చులు పెచ్చులుగ ఊడింది. పుల్లను అవతలికి జరిపి, నోటితోటి ఊది, సూది మొదటికి పెట్టిండు.

దగ్గు చిన్న పిల్ల దగ్గయింది. లెక్క ఎగురుకుంట వచ్చింది. గిటార్లు రేకుల మీద వడగండ్లు పడ్డట్టు వడ్డయి. ఆమె పాడింది. సన్న గొంతు. పైకి, ముక్కులకెళ్లి, కీసుమనే గొంతు. పదహారేండ్ల పిల్ల గొంతే.

"ఇగో, ఆడివిల్ల" అన్నడు నాయిన, తన రిపేరు మీద తనకే సంబురమై.

ఆంటీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది. కండ్లల్ల నీళ్లు. "అన్నయ్య నిజమే చెప్పాడమ్మా. నా ఈడుదే." ఆమె నవ్వుతున్నది, ఏడుస్తున్నది. ఆమెకు ఆ పిల్ల ఇన్నేండ్లకు దొరికింది. నాకు అదే నిమిషంల పోయింది.

నేను లేచి బయట అర్రలకు పోయి వైర్లు చుట్టుకుంట కూసున్న. చుట్టిన వైర్లనే ఇప్పి మళ్ల చుట్టిన. మైకు సంగతి అడగనే లేదు. ఇగ ఏమని అడగాలె?

కొన్ని దినాలు ప్లేయరు ముట్టలే. నాయిన మీద కోపం లేదు, ఆయన మంచిగనే చేసిండు. గా ఇంగ్లండు పిల్ల మీద కోపం. ఏడాది పొడుగు నా పక్కన కూసోని, నీ అసొంటిదాన్నే అని చెప్పి, ఇప్పుడు ఇడిసిపెట్టి పోయినట్టు. కోపం ఎంత పిచ్చిదో నాకూ తెలుసు. తెలిస్తె మాత్రం కోపం పోతదా?

మళ్ల పురుగు తొలిచింది. మిగతయన్ని అసలు నడకల ఎట్లున్నయో చూడొద్దా? చూసిన. స్పీడు, స్పీడు అని ఎందుకు రాసిండ్రో తెలిసింది. నీళ్లు తాగుదామని పోయొచ్చేసరికి పాట అయిపోతున్నది. ఏడ్పు పాట అనుకున్నది ఎక్కిరింపు పాట అయి కూసున్నది. ముందుగాల వచ్చిన లావు తీగెల గిటారాయన తప్పు అసలు దొరకనే లేదు. చెవులు రిక్కిచ్చి ఇంటే, చిన్న తొట్రుపాటు. అది వాళ్లకే ఇనపడకపోవచ్చు. ఉండనీ తీ అని వాళ్లు అనుకోలే, నేనే అనుకున్న. మా లప్పం పుణ్యమా అని ఆ తప్పు ఇన్నది లోకంల నేను, ఆంటీ, మేమిద్దరమే.

ఆఖర్కు ఆ పిల్ల పాట ఏసిన. ఏడాది ఇన్న పాటను కొత్తగ ఇన్న. ఆమె పైకి పోయిన కాడ గొంతు చీలుతది. ఊపిరి సాలక మాట సగంల తెగుతది. తెగితే ఆగదు, పక్క మాట మీదికి దూకుతది. ఆమెకూ ఎవరో పెదాలు ఆడియ్యి చాలు అని చెప్పే ఉంటరు. గా గొంతుతోటి ఎవరన్న పాడుతరా అని అనే ఉంటరు.

గప్పుడు తట్టింది నాకు. ఏడాది నుంచి నేను ఇన్న గా బరువు గొంతు ఆమెది గాదు. గా గొంతున్న మనిషి ఇంగ్లండుల లేదు, ఎక్కడ లేదు. ఆ అర్రల, తలుపులేసుకొని, నోరు తెరిచి, గా శ్రుతిల పాడిన మనిషి ఒక్కతే ఉండె. అది నేను.

వంటావార్పు నాడు ఎల్బీ నగర్ చౌరస్తా పొగతోటి నిండింది. విజయవాడ రోడ్డు మీద లారీలు లేవు, బస్సులు లేవు, పొయ్యిల మీద గుండిగలే. మా సెట్టు ట్రాలీ ఆటో మీద. నేను ఆడోళ్లతోటి కూసోని వంకాయలు కోస్తున్న. పొద్దుగాల ఆంటీ సందుల నిలబడి అడిగింది: "పాటలు మీ వాళ్లవి. నేనొస్తే ఏమన్నా అంటారా?"

"ఆవకాయ తెస్తే ఎవరంటరు ఆంటీ" అన్న.

తెచ్చింది. పెద్ద జాడీయే తెచ్చింది. అడిగి అడిగి ఏసుకున్నరు, ఏ జిల్లా కారమని ఎవరూ అడగలే.

పగటీలి దాటినంక పాడే అక్కల గొంతులు పోయినయి. ఎన్ని దినాల నుంచో పాడుతున్నరు, ఇగ ఒక్కరికి గూడ మాట పెగలలే. డప్పుల అన్నలు నీళ్లు తాగుతున్నరు. మైకు ఖాళీగ నిలబడ్డది. మైకు ఖాళీగ ఉంటె నాయినకు పాణం కొట్టుకుంటది. అటిటు చూస్తున్నడు.

నేను కత్తిపీట పక్కకు పెట్టి లేచిన. ఎవరూ పిలువలే. చేతులు చీరె కొంగుకు తుడుచుకుంట మైకు కాడికి నడిచిన. నాయిన నన్ను చూసిండు. చూస్తనే ఆయన చెయ్యి అలవాటుగ నాబ్ మీదికి, తెల్ల చుక్క మీదికి పోయింది.

నేను డప్పుల దిక్కు తిరిగి "ఒకటీ రెండూ మూడూ నాలుగూ" అన్న. ధూంధాంల ఎవరూ గట్ల లెక్కవెట్టరు. వాళ్లు బిత్తరపోయి, నీళ్ల సీసాలు పడేసి, దెబ్బ అందుకున్నరు. మా నల్గొండ నీళ్ల గోస మీద మా గల్లీ ఆడోళ్లు కట్టుకున్న పాట. మొదటి మాట పడంగనే హారన్లు బూమ్మన్నయి, స్కూల్ల మోగినట్టే. ఎవరో నవ్విండ్రు. నేను నాయిన చేతినే చూస్తున్న. ఇప్పుడు బంద్ చేస్తడు అనుకున్న. ఐనా ఆగలే. గొంతు చీలినా ఆగని పిల్లను నేను అప్పటికి మస్తుసార్లు ఇని ఉన్న.

నాయిన బంద్ చెయ్యలే. తల ఒక పక్కకు వంచిండు. నాబును తెల్ల చుక్క నుంచి ఎర్ర చుక్క దిక్కు మెల్లగ తిప్పిండు. ఎర్రది దాక పోయిండు. నా గొంతు డొల్ల రేకు లెక్క అయింది. మళ్ల ఎనుకకు తెచ్చిండు. కండ్లు మూసుకున్నడు. వెంట్రుకంత అటు, వెంట్రుకంత ఇటు. ఒక్క కాడ ఆపిండు. హారన్లు కొట్టుకునుడు బంద్ అయింది. నా గొంతు నాకు అవతలి ఫ్లైఓవరు కాడి నుంచి తిరిగొచ్చి ఇనొచ్చింది. బరువుగ, నిండుగ, ఎక్కడ పగలకుండ. నాయిన నాబ్ మీది నుంచి చెయ్యి తీసిండు. చాయ గ్లాసు మాత్రం అందుకోలే.

పాట ఆఖర్ల తలుపేసినట్టు ఆపిన. అయిపోయిందని ఎవరికీ తెల్వలే. తర్వాత ఆవకాయ జాడీ పక్క నుంచి ముందుగాల చప్పట్లు కొట్టింది ఆంటీ.

ఇంటికొచ్చేటప్పుడు నాయిన ట్రాలీల వైర్లు సదురుకుంట కూసున్నడు. మైకు సంగతి నాకు అడిగేది ఏం మిగలలే.

తెల్లారి లేచి చూస్తే దుకాణంల కూసోని అమ్మను గోళ్లరంగు అడుగుతున్నడు. అమ్మ తాన గులాబి రంగే ఉండె. పుల్లతోటి ముంచి, ఊపిరి బిగవట్టి, ఎర్ర చుక్కకు తెల్ల చుక్కకు నడుమ ఒక చుక్క పెట్టిండు. ఆరేదాక ఊదిండు.

ఆ నెలలనే పెండ్లి సెట్టు కోసం ఒకాయన వచ్చి, యాంప్లిఫైయరు వంగి చూసి, ఎర్రది మొగోళ్లది, తెల్లది ఆడోళ్లది, మరి నడుమదేంది అని అడిగిండు.

"గది మా బిడ్డది" అన్నడు నాయిన.